షోరూంలో మెరిసిన బొమ్మ ఇంటికొచ్చాక ఎందుకు వెలిసిపోతుంది?

తిరుపతిలో గాంధీ రోడ్డు దుకాణమైనా, ఎయిర్ బైపాస్ రోడ్డులోని పెద్ద షోరూమైనా, వరసగా వెలుగుతున్న టీవీల గోడ ముందు నిలబడితే ఎవరికైనా కళ్లు చెదురుతాయి. నీలి సముద్రం, ఎర్ర ముక్కు చిలుక, మంచు కొండ, ఏది చూసినా రంగు తెరలోంచి బయటికి వచ్చేస్తున్నట్టే ఉంటుంది. ముప్పై వేలో, ముప్పై అయిదు వేలో పోసి 43 అంగుళాలది తెచ్చుకుంటాం. గోడకు బిగిస్తారు, కేబుల్ బాక్సు తగిలిస్తారు, వెళ్లిపోతారు. రాత్రి అన్నాలప్పుడు సీరియల్ పెడితే మొహాలు మసక మసకగా ఉంటాయి. క్రికెట్ పెడితే బంతి వెనక తోక కనిపిస్తుంది. ఓటీటీలో కొత్త సినిమా పెడితే సగం సీన్లు చీకటి. మాటలు వినబడలేదని సౌండ్ పెంచితే, ఫైటు రాగానే పక్క వాటా వాళ్లు తలుపు తడతారు.

అప్పటినుంచి ఇంట్లో ఒకటే మాట: మోసపోయాం. చాలాసార్లు అక్కడ మోసం ఏమీ లేదు. మనం చూసే బొమ్మను టీవీ ఒక్కటే తయారుచేయదు. అది కెమెరా దగ్గర మొదలై ఛానెల్, కేబుల్, బాక్సు, వైరు, టీవీలోని ప్రాసెసర్, తెర, సెట్టింగు, చివరికి మన హాల్లోని వెలుతురు, ఇన్ని దాటుకుని కంటికి చేరుతుంది. వీటిలో ఏది అన్నిటికంటే బలహీనమో, బొమ్మ దాని స్థాయిలోనే ఉంటుంది. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో రాసే 4కే, హెచ్‌డీఆర్, క్యూఎల్ఈడీ అన్నవి ఇందులో ఒకటి రెండింటి గురించే చెబుతాయి. పాతిక వేల నుంచి యాభై వేల మధ్య దొరికే టీవీల్లో అసలు తేడా తెచ్చేవి మిగతావి. వాటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు. ఆ పెట్టెను ఇంటికి తెచ్చుకోవడానికి నెలల తరబడి ఈఎంఐ కట్టే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి, ఈ చిక్కును ఒక్కో ముడిగా విప్పి చూద్దాం.

బాక్సు నుంచి వచ్చేది ఎంత?

ముందు సిగ్నల్ సంగతి. కేబుల్‌లోనో డీటీహెచ్‌లోనో వచ్చే మామూలు ఎస్‌డీ ఛానెల్ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలుంటాయి. మొత్తం కలిపితే నాలుగు లక్షల పదిహేను వేలకు కాస్త అటూ ఇటూ. 4కే తెర మీద అడ్డంగా 3840, నిలువుగా 2160. అంటే దాదాపు 83 లక్షలు. నాలుగు లక్షల చుక్కల బొమ్మతో 83 లక్షల చుక్కల తెర నింపాలంటే మిగిలినవన్నీ టీవీ తనంతట తాను లెక్కగట్టి పూడ్చుకోవాల్సిందే. నూటికి తొంభై అయిదు చుక్కలు అలా ఊహించి పెట్టినవే. ఈ పనినే అప్‌స్కేలింగ్ అంటారు. ఖరీదైన టీవీలో దీన్ని చేసే ప్రాసెసర్ మెరుగ్గా ఉంటుంది, మధ్యరకం టీవీలో ఓ మోస్తరుగా ఉంటుంది. కానీ సిగ్నల్‌లో లేని వివరాన్ని నిజంగా తెచ్చిపెట్టడం ఏ టీవీ వల్లా కాదు.

పాత 21 అంగుళాల పిక్చర్ ట్యూబ్ టీవీలోనే బొమ్మ బాగుండేదని ఇంట్లో పెద్దవాళ్లు అంటే కొట్టిపారేయకండి. ఆ చిన్న తెరకు ఆ సిగ్నల్ చక్కగా సరిపోయేది. వాళ్ల కళ్లు చెబుతున్నది నిజమే.

దీనికి తోడు, వందల ఛానెళ్లు ఒకే దారిలో రావాలి కాబట్టి ఒక్కోదాన్ని బాగా కుదించి పంపుతారు. బొమ్మ కదలకుండా ఉన్నప్పుడు ఆ కుదింపు కంటికి ఆనదు. గ్రౌండు మీద కెమెరా వేగంగా తిరిగినప్పుడు, వాన సీన్లో, పూలు చల్లేటప్పుడు చిన్న చిన్న గళ్లు బయటపడతాయి. అవి తెరలో లోపం కాదు. అదే మ్యాచ్ హెచ్‌డీ ఛానెల్లో చూడండి, గళ్లు చాలావరకు మాయమవుతాయి. హెచ్‌డీలో 1920 బై 1080, అంటే ఇరవై లక్షలకు పైగా చుక్కలు వస్తాయి కాబట్టి టీవీ ఊహించాల్సిన భారం బాగా తగ్గుతుంది. ప్యాకేజీ మొత్తం హెచ్‌డీకి మార్చుకోనక్కర్లేదు. ఇంట్లో రోజూ చూసే రెండు మూడు ఛానెళ్లను విడిగా హెచ్‌డీలో తీసుకుంటే చాలు.

ఇక్కడే నాకు నిజంగా బాధనిపించే సంగతి ఒకటుంది. హెచ్‌డీకి నెలనెలా డబ్బు కడుతూ, బాక్సును మాత్రం ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల ఏవీ వైరుతో టీవీకి కలిపిన ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ పసుపు పిన్నులోంచి హెచ్‌డీ రాదు. బాక్సులో హెచ్‌డీ ఉన్నా, టీవీ 4కే అయినా, మధ్యలో ఆ వైరు బొమ్మను ఎస్‌డీకి దించేస్తుంది. ఒకసారి టీవీ వెనక చెయ్యి పెట్టి చూడండి. వెడల్పుగా, పలచగా ఉండే హెచ్‌డీఎంఐ పిన్ను ఉండాలి. మూడు రంగుల పిన్నులుంటే కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి మార్పించుకోండి. మీరు మార్చుకున్నా రెండు మూడు వందల్లో పని అయిపోతుంది.

ఆ తర్వాత రిమోట్‌తో బాక్సు సెట్టింగుల్లోకి వెళ్లి వీడియో అవుట్‌పుట్ 1080ఐ అని, స్క్రీన్ సైజు 16:9 అని ఉందో లేదో చూసుకోవాలి. పాత సినిమాలు 4:3 కొలతలో తీసినవి. వాటిని తెర నిండా సాగదీస్తే హీరోలందరూ పొట్టిగా, లావుగా కనిపిస్తారు. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తే టీవీ చెడిపోయిందని కంగారుపడి సాగదీయకండి. బొమ్మ తన అసలు కొలతలో ఉందనడానికి ఆ పట్టీలే గుర్తు.

ఓటీటీ దారి వేరు. అక్కడ 4కే నిజంగానే వస్తుంది, కానీ రెండు షరతులున్నాయి. ఒకటి ప్లాన్, చౌక ప్లాన్లలో చాలావాటికి 4కే ఉండదు. రెండోది నెట్ వేగం. నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారం 4కేకి సెకనుకు 15 మెగాబిట్లు నిలకడగా ఉండాలి. మీ ప్లాన్ 50 మెగాబిట్లదే కావచ్చు, రౌటర్ ముందు గదిలో కిటికీ దగ్గర ఉండి టీవీ రెండు గోడల అవతల ఉంటే అందులో ఎంత చేరుతుందో చెప్పలేం. టీవీకి వైఫై బదులు నెట్ వైరే నేరుగా పెట్టగలిగితే ఆ గొడవే ఉండదు.

హాలు ఎంత, తెర ఎంత?

43 అంగుళాల టీవీలో ఫుల్ హెచ్‌డీ తీసుకోవాలా, 4కే తీసుకోవాలా అని తల పట్టుకునేవాళ్లకు ఒక లెక్క. మామూలు చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు వరకు వివరాన్ని విడదీసి చూడగలదు. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీద ఒక్కో చుక్క అర మిల్లీమీటరు ఉంటుంది. ఆ చుక్క విడిగా తెలియాలంటే అయిదున్నర అడుగుల కంటే దగ్గరగా కూర్చోవాలి. మన అపార్టుమెంట్లలో హాలు పది పన్నెండు అడుగులు, సోఫా ఎదురు గోడకు ఆనుకుని ఉంటుంది. అంటే ఎనిమిది తొమ్మిది అడుగుల దూరం. అంత దూరం నుంచి 43 అంగుళాల్లో ఫుల్ హెచ్‌డీకి, 4కేకి చుక్కల పరంగా తేడా కనిపించదు. 55 అంగుళాలకు ఆ గీత ఏడడుగుల దగ్గర పడుతుంది. కాబట్టి అంత దూరం నుంచి చూసే ఇంట్లో పెద్ద తెరకు పెట్టే డబ్బు కంటికి ఆనుతుంది, 4కేకి పెట్టే డబ్బు అంతగా ఆనదు. ఇప్పుడు 43 అంగుళాల్లో ఎక్కువగా 4కేలే దొరుకుతున్నాయి కనుక తీసుకుంటే నష్టమేమీ లేదు. దాని కోసమే అదనంగా అయిదారు వేలు పోయడం మాత్రం అనవసరం.

2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు 18 శాతం చిన్న తెరలకే ఉండేది. పాత ధరలు మనసులో పెట్టుకుని చిన్నదానితో సరిపెట్టుకునేవాళ్లు ఒకసారి కొత్తగా లెక్క వేసుకోవడం మంచిది.

నలుపు నల్లగా ఉందా?

అట్టపెట్టె మీద అసలు రాయనిదీ, బొమ్మను అన్నిటికంటే ఎక్కువగా శాసించేదీ ప్యానెల్ రకం. ఈ ధరలో దొరికేవన్నీ ఎల్‌సీడీ ప్యానెళ్లే. ఎల్ఈడీ టీవీ అన్నా, క్యూఎల్ఈడీ అన్నా వెనక ఎల్ఈడీ దీపాలు వెలుగుతుంటాయి, ముందున్న ఎల్‌సీడీ పొర ఆ వెలుగును కావలసిన చోట వదులుతుంది, అక్కర్లేని చోట ఆపుతుంది. ఆపడం ఎంత బాగా తెలిస్తే నలుపు అంత నల్లగా ఉంటుంది.

ఇందులో రెండు రకాలు. వీఏ ప్యానెల్‌లో తెల్లటి చోటికి, నల్లటి చోటికి మధ్య వెలుగు తేడా మూడు వేల రెట్లు, అంతకన్నా ఎక్కువ ఉంటుంది. ఐపీఎస్ ప్యానెల్‌లో వెయ్యి రెట్ల దగ్గరే ఆగుతుంది. అయితే వీఏ తెర ముందు నుంచి పక్కకు జరిగితే రంగులు పాలిపోతాయి, ఐపీఎస్ ఏ మూల నుంచి చూసినా దాదాపు ఒకేలా ఉంటుంది. ఏది మంచిదన్న ప్రశ్నకు జవాబు టీవీలో లేదు, మీ హాల్లో ఉంది. సోఫా ఎదురుగా ఉండి, రాత్రి లైట్లు తగ్గించుకుని సినిమా చూసే ఇల్లయితే వీఏ. ఒకరు దివాన్ మీద, ఒకరు వంటింటి గుమ్మంలో, పిల్లలు చాప మీద కూర్చుని చూసే ఇల్లయితే ఐపీఎస్. షోరూంలో అడిగితే చాలామంది సేల్స్ వాళ్లకు ఏ ప్యానెలో తెలియదు. ఒకే మోడల్లో ఒక్కో సైజుకు ఒక్కో రకం వాడే కంపెనీలూ ఉన్నాయి. కాబట్టి అడగడం కంటే చూడడం మేలు. ఏదైనా రాత్రి సీన్ పెట్టమనండి. ఎదురుగా నిలబడి నలుపు చూడండి. తర్వాత నాలుగు అడుగులు పక్కకు వెళ్లి రంగు చూడండి. పాలిపోయిందా లేదా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది.

మన ఊళ్లో దీనికి బ్రహ్మోత్సవాల గరుడసేవను మించిన పరీక్ష లేదు. అయిదో రోజు రాత్రి, తిరుమల మాడవీధులు, బంగారు గరుడవాహనం మీద మలయప్పస్వామి. మూలవిరాట్టుకు అలంకరించే మకరకంఠి, లక్ష్మీహారం, సహస్రనామమాల ఆ రోజు ఉత్సవమూర్తి మీద ఉంటాయి. పైన నల్లటి ఆకాశం, మధ్యలో కర్పూర హారతి వెలుగు, చుట్టూ వేల తలలు. శ్రీవేంకటేశ్వర భక్తి ఛానెల్ మొదలైన 2008 నుంచి కొండకు వెళ్లలేని ముసలివాళ్లు ఇంట్లోనే చేతులు జోడించి ఆ సేవ చూసుకుంటున్నారు. నలుపు సరిగా చూపించలేని టీవీలో ఆ ఆకాశం బూడిద రంగులోకి తిరుగుతుంది, బంగారం పసుపు రంగు అట్టలా తేలిపోతుంది, హారాల్లోని రాళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నలుపు బాగున్న తెర మీద హారతి కదిలినప్పుడల్లా ఒక్కో రాయి విడివిడిగా మెరుస్తుంది. టీవీ కొనే ముందు యూట్యూబ్‌లో ఏదైనా పాత గరుడసేవ ప్రసారం పెట్టించి చూడండి. కంపెనీ తయారుచేసిన చిలుకల వీడియో ఈ నిజాన్ని ఎప్పటికీ చెప్పదు.

క్యూఎల్ఈడీ గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. దీపాల వెలుగును క్వాంటం డాట్లు అనే అతి సూక్ష్మమైన రేణువులున్న పొర గుండా పంపితే ఎరుపు, పచ్చ రంగులు మరింత స్వచ్ఛంగా వస్తాయి. ఆ రేణువులను కనిపెట్టి, చక్కగా తయారుచేసే పద్ధతి చూపినందుకు మౌంగి బవెండి, లూయీ బ్రస్, అలెక్సీ ఎకిమోవ్‌లకు 2023లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. గొప్ప శాస్త్రమే. అది రంగును బాగుచేస్తుంది, నలుపును కాదు. క్యూఎల్ఈడీ అన్న పేరు చూసి ఓఎల్ఈడీ అనుకునేవాళ్లు చాలామంది. ఓఎల్ఈడీలో ప్రతి చుక్కా తనంతట తాను వెలిగి, తనంతట తాను ఆరిపోతుంది. వెనక దీపమే ఉండదు. అది ఈ ధరలో దొరికే వస్తువు కాదు.

హెచ్‌డీఆర్ సినిమా చీకటిగా ఎందుకుంటుంది?

ఎక్కువమంది నన్ను అడిగేది ఇదే. హెచ్‌డీఆర్ ఉన్న టీవీ అన్నారు, తీరా చూస్తే మామూలు ఛానెల్ కంటే చీకటిగా ఉంది అని. వెలుగును నిట్లలో కొలుస్తారు. హెచ్‌డీఆర్ అంటే వెలుగుకూ చీకటికీ మధ్య తేడాను మామూలు కంటే ఎక్కువగా చూపించే పద్ధతి. ఆ సినిమాలను సాధారణంగా 1000 నిట్ల వరకు వెలిగే తెరను దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. మధ్యరకం టీవీలు ఎక్కువగా 250, 300 నిట్ల దగ్గర ఆగిపోతాయి. వెయ్యి దాకా ఉన్న వెలుగును మూడు వందల్లో ఇమడ్చాలి. ఎండలో మెరిసే మేఘాన్ని కాపాడుకోవాలంటే టీవీ మిగతా బొమ్మ మొత్తాన్ని కిందికి దించాల్సి వస్తుంది. పగలు మూడింటికి కిటికీలు తెరిచి ఉన్న హాల్లో ఆ దించిన బొమ్మ కంటికి చీకటిగానే కనిపిస్తుంది. పెట్టె మీద హెచ్‌డీఆర్ అని రాశారంటే ఆ సిగ్నల్‌ను టీవీ అర్థం చేసుకోగలదని మాత్రమే. దాన్ని పూర్తిగా చూపించే సత్తా ఉందని కాదు.

చేయగలిగింది ఉంది. హెచ్‌డీఆర్ బొమ్మ మొదలైనప్పుడు టీవీ తన సెట్టింగుల్ని విడిగా పెట్టుకుంటుంది. మీరు అంతకుముందు మామూలు ఛానెల్‌కు సరిచేసుకున్నవి అక్కడ పనిచేయవు. సినిమా నడుస్తుండగానే మెనూలోకి వెళ్లి బ్యాక్‌లైట్ పూర్తిగా పెంచండి. డైనమిక్ టోన్ మ్యాపింగ్ అనే ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. కరెంటు ఆదా మోడ్ ఆన్‌లో ఉంటే తీసేయండి, చాలా ఇళ్లలో అసలు దొంగ అదే. ఇవన్నీ చేసినా చీకటిగానే ఉంటే, హెచ్‌డీఆర్ ఆపేసుకుని చూడడంలో తప్పేమీ లేదు. కొన్ని టీవీల్లో, కొన్ని యాప్‌లలో ఆ వీలుంటుంది. కర్టెన్లు వేసుకుని రాత్రి చూస్తే మాత్రం అదే టీవీలో అదే సినిమా ఎంతో బాగుంటుంది.

పది నిమిషాల సెట్టింగులు

షోరూంలో టీవీని వివిడ్ లేదా డైనమిక్ అనే మోడ్‌లో పెడతారు. తల మీద పదుల కొద్దీ ట్యూబ్ లైట్లు, పక్కన ఇంకో పాతిక టీవీలు. ఆ పోటీలో కంటపడాలంటే వెలుగు ఎక్కువ ఉండాలి, తెలుపు నీలం వైపు మొగ్గాలి, రంగు చిక్కగా ఉండాలి. అదే మోడ్‌తో టీవీ ఇంటికి వస్తే మనుషుల మొహాలు ఎర్రగా కందిపోయినట్టు, తెల్ల పంచె నీలం మందు ఎక్కువైనట్టు కనిపిస్తాయి. సినిమా, మూవీ, లేదా ఫిల్మ్‌మేకర్ అనే మోడ్‌కి మార్చండి. మొదట పసుపుగా, డల్‌గా అనిపిస్తుంది. నాలుగైదు రోజులు ఓపిక పట్టండి. కన్ను అలవాటు పడ్డాక మళ్లీ వివిడ్ పెడితే మీరే తట్టుకోలేరు.

షార్ప్‌నెస్‌ను బాగా తగ్గించాలి. ఎక్కువ పెడితే బొమ్మ స్పష్టంగా వస్తుందనుకుంటాం, నిజానికి అంచుల చుట్టూ తెల్ల గీత గీయడం తప్ప అది చేసేదేమీ లేదు. ఎస్‌డీ ఛానెల్లో మొహాలు గరుకుగా కనబడడానికి సగం కారణం అదే. బ్రైట్‌నెస్, బ్యాక్‌లైట్ అని రెండు ఉంటాయి, వీటి దగ్గరే అందరూ తికమకపడతారు. పేరు చూసి బ్రైట్‌నెస్ పెంచుతారు. చాలా టీవీల్లో అది నలుపు ఎంత నల్లగా ఉండాలో నిర్ణయించేది. పెంచితే నలుపు బూడిదవుతుంది. దాన్ని ఉన్నచోటే వదిలేసి, వెలుగు కావాలంటే బ్యాక్‌లైట్ పెంచాలి, అక్కర్లేనప్పుడు బ్యాక్‌లైట్ తగ్గించాలి.

కదలికను నున్నగా చేసే ఫీచర్ ఒకటుంది. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది, పెట్టె మీద ఎంఈఎంసీ అని రాసి ఉండొచ్చు. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. 24ని 60లో సమంగా పంచలేం. అందుకని ఒక ఫ్రేమును రెండుసార్లు, తర్వాతి దాన్ని మూడుసార్లు చూపిస్తారు. కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగేటప్పుడు కనబడే చిన్న కుదుపు దానివల్లే. ఈ ఫీచర్ ఆన్ చేస్తే టీవీ మధ్యలో లేని ఫ్రేములను తయారుచేసి కుదుపు పోగొడుతుంది. దాంతో కోట్లు పోసి తీసిన సినిమా కూడా సీరియల్ షూటింగ్ చూస్తున్నట్టు తయారవుతుంది. క్రికెట్‌కు ఉంచుకోండి, సినిమాకు ఆపేయండి. ఇది నా గట్టి అభిప్రాయం.

మాటలు వినబడకపోవడానికి

మా పిన్నమ్మ సినిమా చూస్తూ, "ఏం నాయనా, వాళ్లు మాట్లాడేది ఒక్క ముక్కా వినబళ్లేదే" అంటుంది. చెవుల్లో లోపం లేదు. పలచటి టీవీలో స్పీకరుకు చోటే లేదు, అది కూడా కిందికి చూస్తూ ఉంటుంది. శబ్దం షోకేసు బల్లకు తగిలి మన దగ్గరికి వస్తుంది. పైన ఏప్రిల్, మే నెలల్లో అయిదో నంబరు మీద తిరిగే ఫ్యాను. 20 వాట్లు, 24 వాట్లు అని పెట్టె మీద రాసే అంకె గట్టిదనం గురించే చెబుతుంది, మాట స్పష్టత గురించి కాదు.

ఓటీటీ సినిమాల్లో ఇంకో చిక్కు ఉంది. 5.1 ఆడియోలో డైలాగులు మధ్య స్పీకరు కోసం విడిగా ఉంటాయి. టీవీలో ఉన్నవి రెండే స్పీకర్లు కాబట్టి ఆరు దారుల శబ్దాన్ని రెండింట్లోకి కుక్కుతుంది, ఆ తోపులాటలో మాట అడుగున పడిపోతుంది. యాప్‌లో ఆడియో దగ్గర 5.1 కాకుండా స్టీరియో ట్రాక్ ఉంటే అది ఎంచుకోండి. టీవీ సౌండ్ మెనూలో స్పీచ్, క్లియర్ వాయిస్ లాంటి మోడ్ ఉంటే పెట్టండి. ఈ రెండు మార్పులతోనే పిన్నమ్మ లాంటి వాళ్లకు చాలావరకు సమస్య తీరుతుంది.

తీరకపోతే సౌండ్‌బార్. నాకైతే ఈ ధర టీవీలో బొమ్మ కోసం ఇంకో పది వేలు పెట్టడం కంటే అయిదారు వేల సౌండ్‌బార్ మీద పెట్టడమే న్యాయం అనిపిస్తుంది. దాన్ని కలిపేటప్పుడు టీవీ వెనక, శబ్దాన్ని బయటికి పంపే ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రంలోనే పెట్టాలి, పక్కదానిలో పెడితే శబ్దం రాదు. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 నుంచీ ఈ సౌకర్యం ఉంది. టీవీ రిమోట్‌తోనే సౌండ్‌బార్ వాల్యూమ్ కూడా మారుతుంది కాబట్టి పెద్దవాళ్లకు రెండో రిమోట్ బెడద ఉండదు.

టీవీలోని కంప్యూటర్

తెర పదేళ్లు బాగుండొచ్చు, లోపలి కంప్యూటర్ అంతకాలం ఆగదు. ఒకటిన్నర, రెండు జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజీతో వచ్చే టీవీలే ఎక్కువ. యాప్‌లు ఏటేటా బరువెక్కుతాయి, మూడు నాలుగేళ్లకు రిమోట్ నొక్కితే అర నిమిషానికి స్పందిస్తుంది. వాడని యాప్‌లు తీసేసి, ప్లగ్ పీకి ఒక నిమిషం ఆగి పెడితే కొంత తేరుకుంటుంది. అదీ చాలకపోతే నాలుగైదు వేల స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి హెచ్‌డీఎంఐలో గుచ్చితే సరి. స్లోగా ఉందని టీవీనే మార్చేయడం డబ్బు పారబోసుకోవడమే.

మనం ఏం చూస్తున్నామో టీవీ కూడా గమనిస్తుంది. అమెరికాలో విజియో అనే కంపెనీ కోటికి పైగా టీవీల్లో ఇలా చూసే వివరాలను చెప్పకుండా సేకరించినందుకు 2017లో 22 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. సెట్టింగుల్లో ప్రైవసీ దగ్గరికి వెళ్లి వ్యూయింగ్ డేటా, ప్రకటనల అనుమతులు ఆపేయండి.

కరెంటు, పిడుగు, ఎండ

కరెంటు బిల్లు గురించి టెన్షన్ పడక్కర్లేదు. 43 అంగుళాల టీవీ 80 వాట్లు తీసుకుంటుందనుకుంటే రోజుకు అయిదు గంటల చొప్పున నెలకు 12 యూనిట్లు. బ్యాక్‌లైట్ తగ్గిస్తే ఇంకా తగ్గుతుంది.

భయపడాల్సింది లో వోల్టేజీకి కాదు. నేటి టీవీల్లోని పవర్ సప్లై 100 వోల్టుల నుంచి 240 వోల్టుల వరకు తట్టుకునేలా తయారవుతుంది. ప్రమాదం పై వైపు నుంచి వస్తుంది. వీధిలో న్యూట్రల్ వైరు తెగితే ఇంటికి 230 బదులు 400 వోల్టుల దాకా వచ్చేయొచ్చు. అలా ఒక్క నిమిషంలో వీధంతా టీవీలు, ఫ్రిజ్‌లు పోయిన సందర్భాలు చాలా ఊళ్లకు తెలుసు. అందుకని స్టెబిలైజర్ కొంటే వోల్టేజీ మరీ పెరిగితే దానంతట అదే కట్ చేసే రకం చూసుకోండి. స్పైక్ గార్డు మంచిదే, ఇంట్లో ఎర్తింగ్ సరిగా ఉంటేనే దాని పని అది చేస్తుంది.

పిడుగుకు ఇవేవీ ఆగవు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు, ఏప్రిల్, మేలలో సాయంత్రం ఉరుములు. చాలామంది ప్లగ్ పీకి ఊరుకుంటారు. మేడ మీది డిష్ నుంచి వచ్చే వైరు బాక్సుకు, బాక్సు నుంచి హెచ్‌డీఎంఐ టీవీకి తగిలే ఉంటాయి. పిడుగు దెబ్బ ఆ దారిలో వచ్చి హెచ్‌డీఎంఐ పోర్టును, దాంతోపాటు మదర్‌బోర్డును కాల్చేస్తుంది. మబ్బు కమ్ముతుండగానే, ఉరుములు మొదలుకాకముందే ప్లగ్‌తో పాటు ఆ డిష్ వైరు కూడా ఊడదీయాలి. ఉరుములు మొదలయ్యాక ఆ వైర్లను ముట్టుకోకూడదు.

ఎండ కూడా లెక్కలోదే. చాలా టీవీల మాన్యువల్‌లో 40 డిగ్రీల వరకే వాడమని ఉంటుంది, మన వేసవి దాన్ని దాటేస్తుంది. పడమటి గోడకు బిగించి, చుట్టూ ప్లైవుడ్ షోకేసు కట్టిస్తే వేడి పోయే దారి ఉండదు. వెనక, పైన కనీసం నాలుగు వేళ్ల సందు వదలాలి. మరీ ఎత్తులో బిగించకూడదు, వీఏ ప్యానెల్ అయితే కింద చాప మీద కూర్చున్నవాళ్లకు రంగు పాలిపోతుంది. తెరను పొడి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవాలి, కిటికీ అద్దాలకు కొట్టే స్ప్రే వాడితే పై పూత పోతుంది. ఆయుధపూజ నాడు గంధం, కుంకుమ బొట్టు చుట్టూ ఉన్న ఫ్రేము మీద పెట్టుకోండి, తెర మీద మాత్రం వద్దు.

బాగుచేయించాలా, మార్చేయాలా?

శబ్దం వస్తోంది, బొమ్మ లేదు. అప్పుడు గదిలో లైట్లు ఆర్పి, ఫోన్ టార్చిని తెరకు దగ్గరగా, ఏటవాలుగా పట్టుకుని చూడండి. ఆ వెలుగులో మనుషులు లీలగా కదులుతూ కనిపిస్తే ప్యానెల్ బాగానే ఉందన్నమాట. పోయింది వెనక దీపాలో, వాటికి కరెంటు ఇచ్చే భాగమో. ఎక్కువగా దీపాల పట్టీలే పోతాయి, ఏళ్ల తరబడి బ్యాక్‌లైట్ ఫుల్‌గా పెట్టి వాడిన టీవీల్లో మరీ త్వరగా. మంచి మెకానిక్ ఒక పూటలో మార్చేస్తాడు, ఖర్చు కొత్త టీవీ ధరలో చిన్న భాగమే. టార్చిలో కూడా ఏమీ కనబడకపోతే సమస్య బోర్డులో ఉండొచ్చు, అదీ చాలాసార్లు బాగవుతుంది.

తెర పగిలితే మాత్రం ఆశ వదులుకోవాలి. టీవీ తయారీ ఖర్చులో సగానికి పైగా ఆ ఒక్క ప్యానెల్‌దే. మన దగ్గర టీవీలు తయారుకావడం లేదని కాదు. వేరే కంపెనీలకు టీవీలు చేసిపెట్టే డిక్సన్ అనే సంస్థ తిరుపతి ప్లాంటులో టీవీలు తయారవుతున్నాయి. షియోమీ తన టీవీలను అక్కడ చేయించబోతున్నట్టు 2018లో ప్రకటించింది, అదే ఏడాది డిసెంబరులో వికృతమాల దగ్గర టీసీఎల్ ప్యానెళ్ల కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. అయినా ప్యానెల్‌కు మూలమైన గాజు పలక ఇంకా ఎక్కువగా చైనా నుంచే వస్తుంది. అందుకే విడి ప్యానెల్ ధర అడిగితే కొత్త టీవీ ధరకు దగ్గరగా చెబుతారు, అందులో అబద్ధం లేదు. పిల్లలున్న ఇంట్లో రెండేళ్ల అదనపు వారంటీకి డబ్బు కట్టే ముందు, పగిలిన తెరకు అది వర్తిస్తుందో లేదో కాగితం మీద చదివి తెలుసుకోండి. మామూలు వారంటీలో పగులు ఉండదు.

దీపాల పట్టీలు మార్పించేటప్పుడు కాలిపోయిన ఒక్కదాన్నే కాక సెట్టు మొత్తం మార్పించండి, లేకపోతే కొన్నాళ్లకే ఇంకోటి పోయి మళ్లీ ప్యానెల్ విప్పాల్సి వస్తుంది. ఆ అద్దం విప్పే ప్రతిసారీ పగిలే ప్రమాదం ఉంది. బిగించాక యూట్యూబ్‌లో ఉత్త తెల్ల తెర వీడియో ఒకటి పెట్టించి, మూలల్లో వెలుగు సమంగా ఉందా, ఎక్కడైనా తెల్లగా మచ్చ కనబడుతోందా చూసుకోండి. మచ్చ ఉంటే దీపం మీది చిన్న లెన్సు ఊడిందని అర్థం, అక్కడికక్కడే సరిచేయమనండి. బ్యాక్‌లైట్‌ను మెకానిక్ ఎదుటే తగ్గించుకుని, ఆ తర్వాతే డబ్బులివ్వండి.